ఓడ దిగి వచ్చిన అతిథి

మన హైదరాబాదు నగరమునకు సముద్రము లేదు. అట్టిచో ఓడ ప్రయాణికురా లొకతె మాదాపూరులోని మా యింటి గుమ్మము ద్రొక్కినదనిన మీకు వింతగా దోచవచ్చును. జరిగినది జరిగినట్లు చెప్పెదను. పిమ్మట మీరే విచారింపుడు.

విహారనౌకలపై లోకము జుట్టి వచ్చువారు నేడు పెక్కుమంది గలరు. ఓడ సాధారణముగా ఉదయమున రేవు చేరును, సాయంకాలమునకు లంగరెత్తును. ఆ నడుమనున్న కొలది గంటలలోనే యాత్రికులు ఊరు చూచి రావలయును. మన తెలుగునాట విశాఖపట్టణమున నిట్టి ప్రయాణికుల కొఱకై ప్రత్యేకమైన రేవు భవనము 2023లో ప్రారంభమైనది. ఇట్లు దిగిన వారికి కొన్ని పట్టణములలో స్థానికులే, కూలి పుచ్చుకొనక, తమ యూరిని జూపుచుందురు. న్యూయార్కులో లిన్ బ్రూక్స్ అను నామె 1992లో ఈ పద్ధతి నారంభించినది. తరువాత నది యనేక దేశములకు వ్యాపించినది.

మా అతిథి అమెరికా తూర్పుతీరము నుండి వచ్చిన డెబ్బది యేండ్ల వృద్ధురాలు. ఆమె కుమారుడును, ఇచ్చట మా యాడుబిడ్డయు ఒక్క వ్యవహారమున పనిచేయుదురు. ఆమె ఓడ చెన్నపట్టణపు రేవున రెండు దినములు నిలువగా, విమానమున నొక్కనాటికై యిచ్చటికి వచ్చినది. "వదినా, నాకు సెలవు దొరకలేదు, ఆమెకు ఊరు నీవే చూపవలయును" అని యాడుబిడ్డ చెప్పినప్పుడు నా గుండె జల్లుమన్నది. ఇంట గూర్చుండి కావ్యములు చదువుకొన్నదానను. ఇంగ్లీషు చదివి యర్థము చేసికొందును గాని మాటలాడుట కలవాటు లేదు. మావారు నవ్వి, "విశ్వామిత్రుడు రామలక్ష్మణులకు ప్రతి వనమును ప్రతి నదిని జూపుచు కథలు చెప్పలేదా? నీకు దెలిసినది చెప్పుము" అని ధైర్యము చెప్పిరి.

ఆమెను జార్మినారునకు గొనిపోవలెనని నా యూహ. ఆమె తల యూపలేదు. "ఎన్నో యేండ్లుగా నా కుమారుడు నాతో కంటె హైదరాబాదుతోనే యెక్కువగా మాటలాడుచున్నాడు. ఆ హైదరాబాదును జూపుము" అన్నది. ఆ మాటలో పరిహాస మెంతయో, దుఃఖ మెంతయో నా కప్పుడు తెలియలేదు.

మొదట శిల్పారామమునకు బోయితిమి. 1992లో నెలకొల్పబడిన యీ చేతిపనుల గ్రామమున చేనేత చీరలను, కొయ్యబొమ్మలను నే నెన్నియో మారులు బేరమాడితిని. అచ్చటనే 'ఎలుగుబంటి ముక్కు' అను పేరుగల పెద్దబండ యున్నదని యేనాడును గమనింపలేదు. ఆమె దాని ముందు నిలిచి, "ఈ రా ళ్ళెప్పటివి?" అని యడిగెను. భీముడు పేర్చినవని చెప్పి తప్పించుకొందునా యని యొక్క నిమిషము నాలుక యాడినది. అదృష్టవశమున నా స్నేహితురా లొకతె మాతో నుండెను. ఆమె 1996లో ఏర్పడిన 'సొసైటీ టు సేవ్ రాక్స్' వారి శిలాయాత్రలకు బోవుచుండును. ఆమె చెప్పినదేమనగా: ఈ రాళ్ళ వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరములు. భూగర్భమున కరగియున్న శిల చల్లారి గట్టిపడి, పై పొరలు కాలక్రమమున గొట్టుకొనిపోగా బయల్పడినది. ఎండకును వానకును బీటలువారి, మూలలు కరగి, యొకదానిపై నొకటి పేర్చినట్లు గుండ్రనైనది. ఈ బండయు, దుర్గము చెరువు చుట్టునున్న గుట్టలును, విశ్వవిద్యాలయములోని పుట్టగొడుగు రాయియు నగరపు వారసత్వ పట్టికలో చేరినవి. తక్కిన వెన్నియో మన కండ్లయెదుటనే ప్రేలుడుమందునకు బలియై, మన యిండ్ల పునాదులలోనికి బోయినవి. ఆ మాట విని నేను తలవంచుకొంటిని. మా యింటి స్థలమును నొక బండను బ్రద్దలుకొట్టి చదును చేసినదే.

పిదప వలయాకారపు సైబర్ టవర్స్ వద్ద నిలిచితిమి. దానిని 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. మెడలో గుర్తింపు చీటీలు వ్రేలాడ, ఆడుపిల్లలు గుంపులుగా లోనికి బోవుచుండిరి. మా అతిథి వారిని ఆశ్చర్యముతో జూచెను.

అప్పుడామె నా చెవిలో నొక మాట చెప్పినది. అది ప్రతి స్త్రీ కెఱుకయైన యవసరమే. ఎదుట నున్న యొక పెద్ద భవనమునకు బోయి బ్రతిమాలితిని. గుర్తింపు చీటీ లేనిదే లోనికి రానీయ మనిరి. అద్దాల మేడలు ఆకాశము నంటుచుండ, డెబ్బది యేండ్ల స్త్రీకి మరుగు దొరకలేదు! నాకు కన్నీరు తిరిగినది. సందు మొదట టీ కాచుచున్న యొక యమ్మ మా వాలకము గనిపెట్టి, "గింత దానికి ఫికరెందుకమ్మా? మా యిల్లు గదే, రాండ్రి" అని పిలిచెను. వెనుక రెండు గదుల పాత యిల్లు. చీపురు వేసిన వాకిలి. మేడలు రాకమునుపటి మాదాపూరు పల్లె అచ్చట మిగిలియున్నది. అతిథి రూపాయల నోటు చేత బెట్టబోగా ఆ యిల్లాలు చేయి వెనుకకు దీసికొని, "చాయ తాగి పోండ్రి" అన్నది.

మధ్యాహ్నము మా యింట పప్పు, బీరకాయ కూర, కారము తగ్గించిన చారు, పెరుగు వడ్డించితిని. ఎండ చల్లబడిన పిమ్మట దుర్గము చెరువు జూచితిమి. కుతుబ్ షాహీల నాట గోలకొండ కోటకు మంచినీ రిచ్చిన చెరువిది. 2020లో దానిపై తీగల వంతెన వెలసినది.

రాత్రి పది గంటలైనను మా యాడుబిడ్డ రాలేదు. అతిథి మరునాటి వేకువనే విమాన మెక్కవలసియున్నను కూర్చుండియే యుండెను. పదిన్నరకు పిల్ల వచ్చి, చల్లారిన యన్నము ముందు గూర్చుండి, చెవిలోని యంత్రము దీయక "ఒక్క నిమిషము, వదినా" అన్నది. అమెరికా తూర్పుతీరమున మధ్యాహ్నము పండ్రెండగునప్పటికి మనకు రాత్రి తొమ్మిదిన్నరయో పదిన్నరయో యగును. ఆవలి దరిని మాటలాడుచున్నది ఆ వృద్ధురాలి కుమారుడే! ఆమె లేచి యంత్రము నడిగి తీసికొని, "నాయనా, ఈ పిల్ల యింకను భోజనము చేయలేదు. తక్కినది రేపు చెప్పుము" అన్నది. నే నీ యింట నున్నన్నినాళ్ళును ఆ మాట చెప్పుటకు నాకు నోరు రాలేదు.

సోదరీమణులారా, మన యూరు జూడ వచ్చినవారికి మనమే మార్గదర్శకుల మగుట గొప్ప విద్య గాదు. మూడు సంగతులు మఱువకున్న చాలును. తెలియనిదానిని కల్పించి చెప్పక, తెలిసినవారిని వెంటబెట్టుకొనుట మొదటిది. నీడయు, నీరును, మరుగును ఎచ్చట దొరకునో ముందే కనుగొనుట రెండవది. చూపుటకు ముందు మనము చూచియుండుట మూడవది. పదేండ్లు నివసించియు నేనీ మూడవదానిని మఱచితిని.

ఇప్పుడు మా యింట రాత్రి తొమ్మిదింటికి విస్తరి వేయుదుము. ఆడుబిడ్డ తిన్న తరువాతనే యంత్రము చెవి జేరును. ఆ నియమమునకు అవతలి దరినుండి యింతవరకు నాక్షేపణ రాలేదు.