కావలివారా, యజమానులా?

మెదకు మహాదేవాలయము కఱవుకాలమున కూలివారి చెమటతో లేచి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. అట్టి ఆస్తి యెవరిది? 1947లో ఆంగ్లికనులు, మెథడిస్టులు మొదలగువారు కలసి దక్షిణ ఇండియా సంఘముగా నేర్పడినప్పుడు, ఆస్తులు నిలుపుటకు ట్రస్టు సంస్థ కంపెనీగా రిజిస్టరయినది. బిషప్పుగాని కమిటీగాని వానికి కావలివారే, యజమానులు గారు.

నేడు మెదకు అధ్యక్ష మండలమున మేడ్చల్, శామీర్‌పేటల మీదుగా ఔటరు రింగురోడ్డు సాగి, గజము నేల బంగారమైనది. ఈ వేళ గుట్టుగా దస్తావేజు వ్రాసినచో బిడ్డల బడియు, పెద్దల సమాధులును చేజారును. ప్రతి సర్వే నెంబరును, ప్రతి కౌలును, ప్రతి అద్దెను ఏటేట సంఘస్థుల యెదుట చదువవలెను. వారి సమ్మతి లేక గుంటెడు భూమియైనను అమ్మరాదు. లెక్క చూప జంకెడివాడు తాళపుచెవులు విడిచి తొలగుగాక!