కుక్కర్లో కైమా ఉండల పాస్తా

పోయిన వేసవిలో మా చెల్లెలు అమెరికా నుంచి ఏడేళ్ల కొడుకుతో వచ్చింది. వాడికి అన్నం సయించదు. "పెద్దమ్మా, మీట్‌బాల్స్ పాస్తా!" అని ఒకటే పేచీ. మాంసం ఉండలేగా, మనకు రానివా అనుకుని అన్నీ కలిపి కుక్కర్లో పడేశాను. ప్రెషర్ దానంతటదే పోయేదాకా ఆగేసరికి పాస్తా కాస్తా సంకటైపోయింది. వాడు మాట్లాడకుండా కంచం పక్కకి నెట్టేశాడు. నా ప్రాణం ఉసూరుమంది. మర్నాడు ఇలా చేశాను.

కావలసినవి: మటన్ కైమా పావుకిలో, పొట్టి గొట్టాల పాస్తా 200 గ్రాములు, టమాటాలు 5, ఉల్లిపాయ 1, వెల్లుల్లి 6 రెబ్బలు, బ్రెడ్ 1 ముక్క, మిరియాలపొడి, కారం, ఉప్పు, నూనె.

తయారుచేసే విధానం: కైమా నీళ్లు లేకుండా పిండి, తడిపి పిండిన బ్రెడ్, మిరియాలపొడి, ఉప్పు కలిపి చిన్న నిమ్మకాయంత ఉండలు చేయాలి. కుక్కర్లో నూనె వేసి ఉండలు ఎర్రగా వేయించి తీయాలి. అందులోనే ఉల్లి, వెల్లుల్లి, టమాటా ముక్కలు, కారం మగ్గించాలి. ఉండలు, అరగ్లాసు నీళ్లు వేసి మూడు విజిల్స్ రానివ్వాలి. ప్రెషర్ పోయాక పాస్తా, ఉప్పు, పాస్తా మునిగేటన్ని నీళ్లు వేయాలి. నురుగు పొంగుతుంది కనుక కుక్కర్ సగానికి మించకూడదు. ఒక్క విజిల్ రాగానే దించి, మూత అంచున చన్నీళ్లు పోసి, ప్రెషర్ పూర్తిగా పోయాకే తీయాలి. అసలు కిటుకు ఇదే!

ఆ రోజు ఉండలు చేస్తుంటే వాడూ పీట వేసుక్కూచున్నాడు. తను చేసిన వంకర ఉండలే ఏరుకుని, కంచం ఖాళీ చేశాడు.