జాగ్రత్త - ఎవరి కోసం?

ఉద్యోగస్థుడు ఫేస్‌బుక్కులోను, వాట్సాపులోను ఏది వ్రాసినా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలనే హితబోధ ఈనాడు కళాశాలల్లో, కచేరీల్లో, కంపెనీల్లో ఒకే గొంతుతో వినిపిస్తున్నది. వినడానికి పెద్దల మాటలాగానే వుంటుంది. కాని ఏ హితబోధనైనా అది ఎవరి హితం కోరుతున్నదో తేల్చుకోకుండా తలకెత్తుకోవడం అభ్యుదయవాదికి తగదు.

జాగ్రత్త రెండు రకాలు. ఒకటి మనకంటె బలహీనుల పట్ల చూపవలసినది. విద్యార్థి మార్కులను, రోగి జబ్బును, సహోద్యోగి ఇంటి గుట్టును వీధిన పెట్టకూడదు. నిజానిజాలు విచారించకుండా వార్తను పదిమందికీ పంపకూడదు. ఒక కులాన్ని కించపరుస్తూ వ్రాసిన అధ్యాపకుని ఎదుట ఆ కులపు పిల్లవాడు మర్నాడు ఏ నమ్మకంతో కూర్చుంటాడు? ఈ జాగ్రత్త బాధ్యత. దీన్ని నేను కాదనను. రెండవది మనకంటె బలవంతుల పట్ల చూపమని అడిగేది. దాని అసలు పేరు భయం. మొదటి దాని పేరు చెప్పి రెండవదాన్ని అంటగట్టడమే ఈ హితబోధలోని కిటుకు.

1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలలో తొమ్మిదవదాన్ని చూడండి. ప్రభుత్వ విధానానికి ప్రతికూల విమర్శగా పరిణమించే అభిప్రాయం మాత్రమే కాదు, వాస్తవం చెప్పడం కూడా అక్కడ నిషిద్ధమే! అబద్ధం వ్రాయవద్దంటే అర్థముంది. నిజం వ్రాయవద్దంటే ఏమనుకోవాలి? 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి వైద్యుడొకరు తమకు తగినన్ని మాస్కులు లేవని కెమెరా ఎదుట చెప్పి సస్పెండయ్యారు. మాస్కులున్నవా లేవా అనే ప్రశ్న వెనకబడి, చెప్పినవాడెవడనే ప్రశ్నే పెద్దదైపోయింది.

'తిన్న ఇంటివాసాలు లెక్కపెట్టడమేమిటి?' అంటారు కొందరు. ఇది జమీందారీ దివాణపు నీతి. జీతం దానం కాదు, చేసిన పనికి ప్రతిఫలం. ఎనిమిది గంటల శ్రమను అమ్ముకున్నవాడు తక్కిన పదహారు గంటల నాలుకను కూడా అమ్ముకున్నట్లు ఏ పత్రంలో వ్రాసి వుంది? ఉద్యోగంలో చేరినంతమాత్రాన ప్రాథమిక హక్కులు పోవని సుప్రీంకోర్టు 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో చెప్పింది. ప్రభుత్వోద్యోగికి భావప్రకటన హక్కు వున్నదని, నియమాల హద్దులకు లోబడి, త్రిపుర హైకోర్టు 2020లో ఫేస్‌బుక్కు వ్రాత కేసులోనే చెప్పింది.

కాని కోర్టు మెట్లెక్కే ఓపిక పర్మనెంటు ఉద్యోగికే అంతంత మాత్రం. ఏటేటా రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు అధ్యాపకునికి సస్పెన్షను కూడా అక్కరలేదు. వచ్చే జూన్‌లో పిలవకపోతే చాలు.

ఈ కథ కొత్తది కాదు. 1908లో 'సోజ్-ఎ-వతన్' కథలు ప్రచురించిన ధన్‌పత్ రాయ్ విద్యాశాఖలో చిన్న ఉద్యోగి. కలెక్టరు పిలిపించి మందలించాడు, ప్రతులు తగలబడ్డాయి. ఆయన పేరు మార్చుకొని ప్రేమ్‌చంద్ అయ్యాడు. 1921లో ఉద్యోగం వదిలాడు. 1936లో లక్నోలో అభ్యుదయ రచయితల మహాసభకు అధ్యక్షత వహించాడు. అంటే ఉద్యోగి వ్రాత సమస్య మన ఉద్యమం పుట్టుకలోనే వుంది.

అయితే అందరూ ఉద్యోగాలు వదిలి వీరులు కావాలని నేననడం లేదు. ఎసట్లోకి బియ్యం వెతుక్కునేవాణ్ణి త్యాగం చెయ్యమనడం జీతం భద్రంగా వున్నవాడి విలాసం. మార్గం వేరే వుంది. ఆ తొమ్మిదవ నియమమే, కొన్ని తరగతుల ఉద్యోగుల విషయంలోనైనా, ఉద్యోగ సంఘ బాధ్యుడు సర్వీసు పరిస్థితుల రక్షణ కోసం సదుద్దేశంతో చెప్పే మాటకు మినహాయింపు యిచ్చింది. ఒంటరి గొంతు మీద పడినంత తేలికగా సంఘం గొంతు మీద వేటు పడదు.

అందుచేత వ్రాసేది ఆధారంతో వ్రాద్దాం, సంఘం పేరున వ్రాద్దాం. కాంట్రాక్టు అధ్యాపకులకు సభ్యత్వం లేని సంఘాలు ముందు ఆ తలుపు తీయాలి. ఉద్యోగం పోతుందనే భయంతో వాళ్లు వ్రాయలేని మాట కింద, అంత తేలికగా ఉద్యోగం పోని మనం సంతకం చెయ్యాలి. ఆపాటి కూడా చెయ్యకుండా వాళ్లకు జాగ్రత్తలు చెప్పే హక్కు మనకు లేదు.