నిచ్చెనకు చక్రాలు

మా ఇంట్లో అటక మీద ఒక పెద్ద జాడీ వుంది. ఏడాదికి రెండే రోజులు దానికి ప్రాణం వస్తుంది. ఆవకాయ కలిపే రోజున అది కిందికి దిగాలి. ఆవకాయ చిన్న జాడీల్లోకి సర్దాక మళ్ళీ పైకెక్కాలి. ఆ రెండు రోజులూ మా ఇంట్లో ఒక చిన్న నాటకం జరుగుతుంది. ముందు కుర్చీ ప్రవేశిస్తుంది. కుర్చీ ఎత్తు చాలదు. దాని మీద పీట వేస్తారు. పీట మీదికి నేను ఎక్కుతాను. మా ఆవిడ కుర్చీ కాళ్ళు పట్టుకుంటుంది. మా అమ్మ గుమ్మంలో నిలబడి, "జాగ్రత్తరా నాయనా, జాడీ జాగ్రత్త!" అంటుంది. ఆ జాగ్రత్త జాడీకేగాని నాకు కాదని నేను ఏటా కాస్త నొచ్చుకుంటూ వుంటాను.

ఇన్నేళ్ళలో జాడీ పగల్లేదు, నేనూ పడలేదు. అందుచేత ఈ పద్ధతి దివ్యంగా వుందని అందరమూ నిశ్చయించుకున్నాం. ఇన్నాళ్ళూ పడలేదు గనక ఇకముందూ పడబోమన్నది మనిషికున్న నమ్మకాలన్నిటిలోకీ గట్టిది. సూర్యాపేటలో ఒక టోకు కిరాణా గోదాములో కూడా మొన్న మొన్నటిదాకా ఇదే నమ్మకం రాజ్యమేలుతూ వుండేది.

ఆ గోదాములో పనిచేసే కుర్రవాడు నా దగ్గర చదువుకుంటున్నవాడు. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి గోదాము. చుట్టుపక్కల పల్లెల దుకాణదారులు సామాన్ల చీటీలు పంపుతారు. ఈ రోజుల్లో చాలావరకు సెల్‌ఫోనులోనే వస్తాయి. గుమస్తా వాటిని కాగితం మీదికి ఎక్కించి కుర్రవాడి చేతికిస్తాడు. అతడు అరల మధ్య తిరిగి సబ్బుల పెట్టె ఒకటి, అగ్గిపెట్టెల కట్టలు రెండు, టీపొడి అట్టపెట్టె ఒకటి, అగరువత్తుల డబ్బాలు నాలుగు, ఇలా ఏరి తెచ్చి గుమ్మం దగ్గర పోగుచేస్తాడు. ఆటో వచ్చి పట్టుకుపోతుంది. వెంటనే ఇంకొక చీటీ.

పై అరలు చేతికందవు. వాటికోసం ఒక వెదురు నిచ్చెన వుండేది. నిచ్చెన ఎక్కినవాడికి ఒక చెయ్యి నిచ్చెనదే. రెండోచెయ్యి పెట్టెది. మరి చీటీ? పళ్ళ మధ్య. ఒక్కొక్క పెట్టెకూ ఎక్కడం, దిగడం, నిచ్చెన భుజాన వేసుకుని ఇంకొక సందులోకి నడవడం. దసరా నాలుగురోజులుందనగా, చీటీలు కుప్పలుగా వచ్చిపడిన ఒక సాయంత్రం, నున్నటి బండల మీద నిచ్చెన కాలు పక్కకు జరిగింది. కుర్రవాడి కుడి మణికట్టు విరిగింది. పరీక్షలు ఆ మరుసటి నెలలోనే. నేను చూడబోతే దెబ్బ సంగతి ఎత్తలేదు. కట్టు కట్టిన చెయ్యి చూపించి, "ఎడంచేత్తో రాయనిస్తారా సార్?" అని అడిగాడు.

గోదాము యజమానిని నేను తప్పుపట్టబోను. ఆస్పత్రి ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు. నెల జీతం కూడా ఇంటికి పంపాడు. "నసీబు సార్! కాలు జారింది. ఎవరేం చేస్తారు?" అన్నాడు.

నసీబు లెక్క నాకు తెలియదుగాని, పడడం లెక్క మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడు చీటీ వెనక వేసి చూపించాడు. 2 మీటర్ల ఎత్తు నుంచి జారినవాడు సెకనులో మూడింట రెండు వంతులు గడవకముందే నేలను తాకుతాడు. అప్పటికి అతని వేగం గంటకు 22 కిలోమీటర్లు. ఎత్తు 3 మీటర్లయితే వేగం 27 దాటుతుంది. బజారులో స్కూటరు అంతకంటె మెల్లగా పోతుంది. ఇంత తక్కువ వ్యవధిలో నసీబును తలచుకోవడానికి కూడా తీరికుండదు. ఏం చేసినా ఎక్కకముందే చెయ్యాలి.

ఈ సంగతి ఒక్క గోదాముది కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడూ గిడ్డంగుల నీడన బతికే ఊళ్ళు. మొదటి రెండూ హైదరాబాదు-విజయవాడ రహదారి మీద వున్నాయి. మిర్యాలగూడకు రైలుంది, సాగరు ఎడమకాలువ వుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరు నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. నీళ్ళ వెంట వరి, వరి వెంట మిల్లులు, మిల్లుల వెంట గిడ్డంగులు వచ్చాయి. కోదాడ అవతల మేళ్ళచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాయి సిమెంటు ఫ్యాక్టరీలను తెచ్చింది. 2016లో జిల్లాలు విడిపోయి మిర్యాలగూడ నల్లగొండలోనే వుండిపోయినా, వ్యాపారానికి మూడూ ఒకే ముగ్గులోని చుక్కలు.

గిడ్డంగి అన్న మాట కూడా ఎక్కువ దూరం తిరిగినదే. ఇంగ్లీషువారి గోడౌనుకు మూలం మలయ్ భాషలోని గుదాంగ్ అనీ, దానికి మన గిడ్డంగితోనూ తమిళుల కిడంగుతోనూ చుట్టరికముందనీ నిఘంటుకారులు చెబుతారు. సముద్రం దాటిన మాట గోదామై ఇంటికి తిరిగొచ్చిందన్నమాట. హమాలీ అరబ్బీ మాట. మోయడమని దాని అర్థం. 1976లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూలీల సంక్షేమానికి చేసిన చట్టానికి ముఠా, జట్టు, హమాలీ అన్న మూడు మాటలతోనే పేరు పెట్టింది. మోసేవాళ్ళకు మన దగ్గర పేర్లు బాగానే వున్నాయి. మోత తగ్గించే పనిముట్లకే పేర్లు తక్కువ.

మిర్యాలగూడ మిల్లుల్లో పని బస్తా పని. కొనుగోలు కేంద్రాల నుంచి వచ్చే ధాన్యం బస్తా 40 కిలోలు, కోదాడలో సిమెంటు బస్తా 50, యూరియా బస్తా 2018 నుంచి 45. వయోజనుడైన మగవాడు మోసే బరువు 55 కిలోలు మించకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫార్సు చేసింది. నూరు కిలోల బియ్యం బస్తా మన హమాలీల వీపుమీద ఎన్నేళ్ళు స్వారీ చేసిందో పెద్దలకు జ్ఞాపకమే. ఈ బస్తా పనికి నేను చెప్పబోయే సాధనం పనికిరాదు. బస్తాలను పైకి చేర్చడానికి బెల్టు కావాలి. నిట్టు దించేటప్పుడు మధ్యలోంచి లాగకుండా పైనుంచి మెట్లు మెట్లుగా తియ్యాలి. చేత్తో ఏరి, లెక్కపెట్టి, చీటీ ప్రకారం పంపే తేలిక సరుకుల మాట వేరు. కిరాణా, మందులు, ఎలక్ట్రికు సామాను, మోటారు విడిభాగాలు ఇవన్నీ ఆ జాతివే. అక్కడ మనిషి సగం పొద్దు నడకలోనే పోతుందని ఈ శాస్త్రం రాసినవారు చెబుతారు. నడకకు ఎక్కడం తోడయితే చెప్పనే అక్కరలేదు.

ఈ శాస్త్రంలో మొదటి పాఠం మన వంటింట్లోనే వుంది. పోపుల పెట్టె చూడండి. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిరప, అన్నీ ఒకే మూత కింద, చెయ్యి చాచిన చోట. నూనె కాగుతూ వుండగా ఏ ఇల్లాలూ జీలకర్ర కోసం అటకెక్కదు. శ్రావణమాసంలోనూ సంక్రాంతికీ తప్ప కదలని గంగాళం మాత్రం అటక మీద వుంటుంది. రోజూ కావలసినది నడుముకూ భుజానికీ మధ్య, ఎప్పుడో కావలసినది పైన, బరువైనది కింద. పెద్ద పెద్ద కంపెనీల గిడ్డంగులు పాటించేదీ ఇదే. మన టోకు గోదాముల్లో సరుకు ఎక్కడ వుంటుందో నిర్ణయించేది మాత్రం లారీ. దిగినరోజున ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ.

ఇంత సర్దినా కొంత సరుకు పైన వుండక తప్పదు. దానికోసమే చక్రాల నిచ్చెన. నేను దీన్ని మెట్లబండి అంటున్నాను. సేటు ట్రాలీ అంటాడు. ఇనప గొట్టాలతో చేసిన వెడల్పాటి మెట్లు, రెండువైపులా పట్టుకునే కమ్మీలు, పైన మనిషి నిలబడడానికి బల్లంత చోటు, దాని చుట్టూ నడుమెత్తు కటకటాలు. కాలు తగిలి వస్తువు కింద వున్నవాడి నెత్తిన పడకుండా అంచుకు ఒక పట్టీ. పెట్టెలు పెట్టుకోవడానికి ఒక చిన్న అర. కింద నాలుగు చక్రాలు, వాటికి బ్రేకులు. కొన్నిటిలో మనిషి కాలు పెట్టగానే ఆ బరువుకు స్ప్రింగులు కుంగి, కాళ్ళే నేలమీద ఆనుకుంటాయి. దిగగానే మళ్ళీ చక్రాలు లేస్తాయి. హైదరాబాదు చుట్టుపట్ల పెద్ద గిడ్డంగుల్లో మనిషినే మోటారుతో పైకెత్తే బండ్లున్నాయిగాని, మన గోదాములకు అంత ఆర్భాటం అక్కరలేదు.

ఇందులో కిటుకేమిటంటే, ఎక్కినవాడికి రెండు చేతులూ మిగులుతాయి. నిచ్చెన మీద ఒక చేత్తో ఒక పెట్టె దించేవాడు ఇక్కడ నిలకడగా నిలబడి, చీటీ చూసుకుని, అయిదారు పెట్టెలు అరలో పెట్టుకుని ఒకేసారి దిగుతాడు. పడకుండా కాపాడే కటకటాలే పనిని కూడా తొందరగా నడిపిస్తాయి. భద్రత అంటే పని ఆలస్యమని భయపడే వ్యాపారులు ఈ ఒక్క సంగతి గ్రహిస్తే చాలు.

నేను పోరగా పోరగా సేటు ఒక వెల్డింగు షాపులో మెట్లబండి చేయించాడు. మొదటిది తాటిచెట్టులా వచ్చింది, పొడుగు జాస్తి, పునాది తక్కువ. నిలబడే చోటు ఎత్తు అడుగు వెడల్పుకు నాలుగు రెట్లు మించరాదని అమెరికావారి నియమం. అంతకంటె తగ్గితే మరీ మంచిది. దాన్ని కోయించి అడుగు వెడల్పు చేయించాం. తీరా చూస్తే సందుల్లో పట్టలేదు! నేలమీద అటూ ఇటూ పేర్చిన అట్టపెట్టెల మధ్య మనిషే ఏటవాలుగా నడవాలి, బండికి దారేది? "చూశారా సార్, డబ్బు దండగ!" అన్నాడు సేటు.

ఆ దండగే పండగైంది. బండికి దారివ్వాలంటే నేల ఖాళీ చెయ్యాలి. నేల ఖాళీ చెయ్యాలంటే ఏ సరుకు ఎక్కడుండాలో తేల్చాలి. గుమస్తా మూడునెలల బిల్లులు ముందువేసుకుని, తరచుగా పోయే సరుకుల జాబితా రాశాడు. అవి చేతికందే అరల్లోకి దిగాయి. నెమ్మదిగా పోయేవి పైకెక్కాయి. ఒక చీటీకి ఏడెనిమిదిసార్లు ఎక్కేవాళ్ళు ఇప్పుడు రెండు మూడుసార్లు ఎక్కుతున్నారు. మెట్లబండి పనిచెయ్యకముందే దాని చక్రాలు సగం పని చేసిపెట్టాయి.

అయితే బండి కొనగానే ప్రమాదం పారిపోదు. కుర్రవాళ్ళు కుర్రవాళ్ళే. పైన ఒకడు నిలబడి వుండగా, దిగి ఎక్కడమెందుకని, కింద ఇంకొకడు బండిని తోయడం నా కళ్ళారా చూశాను. వైకుంఠపాళిలో నిచ్చెన పక్కనే పాము వున్నట్టు ఇక్కడి పాము అదే. గోడమీద అయిదు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాయించమన్నాను. తెలుగు మేష్టరును గనక వాక్యాలు నేనే ఇచ్చాను: బ్రేకు వేశాకే ఎక్కు. మనిషి పైనుండగా బండి తోయకు. కటకటాలు దాటి వంగకు. దిగి, బండి జరుపుకో. మెట్లకు మొహం పెట్టి దిగు. తెనుగులో నేనింతవరకు రాసినవాటిలో ఇంతమంది రోజూ చదివేవి ఇవే కాబోలు.

కుర్రవాడు తరువాతి విడతలో పరీక్ష రాసి గట్టెక్కాడు. మణికట్టు కొద్దిగా వంకరగానే కుదిరింది; వానపడితే సలుపుతుందట. మొన్న వేసవిలో మిఠాయి పొట్లంతో మా ఇంటికి వచ్చాడు. సరిగ్గా ఆ రోజే ఆవకాయ ముహూర్తం. కుర్చీ వచ్చింది. పీట వచ్చింది. నేను ధోవతి బిగించి పైకెక్కాను.

"సార్, దిగండి" అన్నాడు.

నాలుగేళ్ళుగా నా మాటకు ఎదురుచెప్పనివాడు ఆ మాట గట్టిగానే అన్నాడు. దిగాను. పక్కింటివారి రంగులు వేసే మెట్లనిచ్చెన అడిగి తెచ్చి, నన్ను దాన్ని పట్టుకోమని, జాడీ తానే దించాడు. దించి మా అమ్మతో, "ఇది మళ్ళీ పైకెందుకు బామ్మగారూ? కింద అరలో పెట్టుకోండి" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా మాలో ఎవరికీ తట్టని మాట! వంటింటి గూట్లో కింద అర ఖాళీ చేయించి, మా అమ్మ జాడీని అక్కడ ప్రతిష్ఠించింది.

కుర్చీ మీద వేసే పీటకు ఇక పనిలేకుండా పోయింది. వంటింట్లో అడ్డమని మా ఆవిడ దాన్ని అటకెక్కించింది. ఎలా ఎక్కించిందో నేను అడగలేదు.