పునరావాస హక్కు

'పునరావాసం' అనే మాట ఆర్మూరు ప్రాంతానికి కొత్తది కాదు. అక్కడికి చేరువలోని పోచంపాడు వద్ద గోదావరిపై నిర్మించతలపెట్టిన ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. అదే నేటి శ్రీరాంసాగర్. ఆ జలాశయంలో ఎన్నో ఊళ్లు మునిగిపోయాయి. ఇల్లూ పొలమూ కోల్పోయినవారి చేతిలో పరిహారపు సొమ్ము పెడితే సరిపోదనీ, వారి జీవనాన్ని తిరిగి నిలబెట్టాలనీ సమాజం గుర్తించడానికి చాలాకాలం పట్టింది. చివరకు 2013 నాటి భూసేకరణ చట్టం నిర్వాసితుల పునరావాసాన్ని హక్కుగా గుర్తించింది.

ఊరు కోల్పోయినవారికి వర్తించే ఈ న్యాయం అవయవ శక్తిని కోల్పోయినవారికీ వర్తించాలి. ఆర్మూరు పసుపు పంటకు పేరుపొందిన పట్టణం. పసుపును తవ్వాలన్నా, ఉడికించి ఆరబెట్టాలన్నా, కొమ్ములకు మెరుగు పెట్టాలన్నా కాయకష్టం తప్పదు. ఈ ప్రాంతపు స్త్రీలు ఎందరో బీడీలు చుట్టి జీవిస్తున్నారు. వారికి వేళ్లే పెట్టుబడి. ఇటువంటి చోట చేయి పడిపోయిన మనిషి తన ఇంట్లోనే ఉండి నిర్వాసితుడవుతాడు.

పక్షవాతం సోకిన చేతికి వ్యాయామ చికిత్స, వినికిడి లోపమున్న బిడ్డకు యంత్రంతో పాటు మాట్లాడే శిక్షణ, పాత పని చేయలేనివారికి కొత్త వృత్తి, ఇవన్నీ పునరావాసంలో భాగాలే. గత శతాబ్దపు అరవయ్యో దశకం చివర జైపూరులో రూపొందిన కృత్రిమ పాదం పొలం గట్లపై నడవడానికీ, నేలపై కూర్చోవడానికీ అనువుగా తయారైంది. మనిషి జీవన విధానానికి తగినట్లు సాయం అందించడమే దాని విశిష్టత.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. పునరావాస సేవలు వీలైనంత త్వరగా మొదలు కావాలనీ, పల్లెల్లో సైతం ప్రజలకు చేరువలో ఉండాలనీ అందులోని 26వ అధికరణం చెబుతుంది. మన 2016 చట్టం గుర్తించిన వైకల్యాలను 7 నుండి 21కి పెంచి, పునరావాసాన్ని ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొంది. అయితే 'ఆర్థిక సామర్థ్యం మేరకు' అనే షరతు విధించింది. ఆ షరతు నిర్లక్ష్యానికి సాకు కారాదు.

పింఛను ఇస్తున్నాం కదా అని కొందరు ప్రశ్నించవచ్చు. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. అది ఎంతో అవసరమైన ఆసరా. కాని పింఛను ఆకలి తీర్చగలదే తప్ప బిగుసుకుపోయిన కీలును కదిలించలేదు. వైకల్యం ఎంత శాతమో కొలిచి ధ్రువపత్రం ఇస్తున్నాం. ఏ శక్తిని ఎంతవరకు తిరిగి తేగలమో కూడా అంత శ్రద్ధగా అంచనా వేయాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని 2.68 కోట్ల వికలాంగులలో సుమారు 69 శాతం గ్రామాలవారే. చికిత్స కోసం తరచుగా దూరపు నగరానికి వెళ్లాలంటే రోగితో పాటు తోడు వచ్చినవారూ ఆనాటి కూలిని వదులుకోవాలి. అందువల్ల ఎందరో చికిత్సను మధ్యలోనే మానుకుంటారు. పక్షవాతం వచ్చిన తొలి నెలల్లో అందని వ్యాయామ చికిత్స తరువాత అందినా ఫలితం తగ్గిపోతుంది. కనుక వ్యాయామ చికిత్సకులు ఆర్మూరు వంటి పట్టణాల ఆసుపత్రులలో నిత్యం అందుబాటులో ఉండాలి. వారానికొకసారైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వెళ్లాలి. సకాలంలో, నడవగలిగినంత దూరంలో లభించినప్పుడే చట్టంలోని హక్కు మనిషికి అక్కరకు వస్తుంది.