విడిపించిన చేతులే పట్టుకున్నాక

శామ్యూల్ జ్వెమర్ 1900లో వెలువరించిన ‘అరేబియా: ది క్రేడిల్ ఆఫ్ ఇస్లామ్’ గ్రంథంలో ఆయన తమ్ముడు పీటర్‌ది త్యాగమూర్తి స్థానం. అమెరికా నుంచి వచ్చి 1893లో మస్కట్ చేరిన ఆ యువ మిషనరీ ఎండకూ జ్వరానికీ ఓర్చి పనిచేసి, 1898లో ముప్ఫయ్యేళ్లకే కన్నుమూశాడు. అతని కష్టాన్ని శంకించనక్కరలేదు. శంకించవలసింది ఆ కష్టాన్ని పుణ్యచరిత్రగా మలచే అలవాటును.

1896లో బానిసల పడవ నుంచి విడిపించిన 18 మంది ఆఫ్రికా బాలురను పీటర్‌కు అప్పగించారు. వారికి తిండీ బట్టా చూడటం, చదువు చెప్పడం అతని దినచర్యలో భాగమైంది. ఇది చిన్న పని కాదు. అయితే చదువుతో పాటే క్రీస్తు బోధనా సాగింది. అన్నం, పడక, రక్షణ ఒకే చేతి నుంచి అందుతున్నప్పుడు, ఆ చెయ్యి చూపిన దేవుణ్ణి కాదనే స్తోమత ఏ పిల్లవాడికి ఉంటుంది?

ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి కూలి ఇప్పించాడు; ఆ కాలంలో మాత్రం బాప్తిస్మాలు నిలిపివేశాడు. గంజి కోసం వచ్చినవారెవరో, నమ్మి వచ్చినవారెవరో తేలాలని! 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన ఘట్టంపై ఎన్ని వాదాలైనా ఉండవచ్చు. అంతకుముందు పాటించిన ఆ విరామం మాత్రం గౌరవించదగినది. పైగా వారు కాదని ఇంటికి పోగల పెద్దలు. మస్కట్ బాలురకు పోవడానికి ఇల్లేది?

పీటర్ మరణాన్ని త్యాగంగా చదివించే రచయితలు ముందుగా ఆ 18 మంది ఒక్కొక్కరి కథా చెప్పాలి.