ఒక ఫొటోలో ఇద్దరి హక్కు

చలికాలం వస్తే పులికాట్ ఒడ్డుకు ఫ్లెమింగోల వెనకే కెమెరాలూ వస్తాయి. నేలపట్టులో గూడబాతుల్ని, మన చిట్టమూరు వైపు ఉప్పునేలల్ని, ఒడ్డున బోర్లించిన పడవల్ని తీసుకుని వెళతారు. వాటిని ఇంటర్నెట్‌లో స్టాక్ ఫొటోలుగా అమ్మకానికి పెట్టేవాళ్లు ఇప్పుడు మన కుర్రాళ్లలోనూ ఉన్నారు. పక్షి ఫొటో అమ్ముకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. నీళ్ల మీద, ఆకాశం మీద ఎవరికీ కాపీరైటు లేదు. అయితే అదే కెమెరాలో మల్లాం సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి స్తంభం ఉంటుంది, తిరునాళ్లలో ఆడిన తోలుబొమ్మ ఉంటుంది, శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రం ఉంటుంది. అన్నీ ఒకే చేత్తో అమ్మకానికి పోతున్నాయి. ఈ సంచికలో మాట్లాడదలచుకున్నది ఆ చివరి రెండింటి గురించి.

చేత్తో వేసిన బొమ్మను ఫొటో తీయడమంటే చట్టం దృష్టిలో దానికి ఇంకో ప్రతి చేయడమే. కనుక ఆ ఫొటోలో రెండు హక్కులు ఉంటాయి. ఒకటి ఫొటో తీసినవాడిది, రెండోది బొమ్మ వేసినవాడిది. స్టాక్ సైటులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్న ప్రచురణకర్తకు దక్కేది మొదటిదే. రెండోది కావాలంటే చిత్రకారుడు రాసిచ్చిన అనుమతి ఉండాలి. పెద్ద ఏజెన్సీలు దాన్నే ‘ప్రాపర్టీ రిలీజ్’ పేరుతో అడుగుతాయి. అది లేనప్పుడు కొన్ని ఫొటోలను ‘ఎడిటోరియల్’ అని, అంటే వార్తలకూ వ్యాసాలకూ మాత్రమేనని, విడిగా పెడతాయి. మన దగ్గర పుస్తకాల అట్టలు వేసేవాళ్లలో చాలామంది ఆ మాట చదవరు.

అన్నిటికీ అనుమతి కావాలని భయపడనక్కర్లేదు. మల్లాం గుడి రాతిపనికి కాపీరైటు లేదు. గర్భగుడి దగ్గర కెమెరా వద్దంటే అది ఆలయ నియమం, దాన్ని పాటించాల్సిందే, కానీ అది వేరే సంగతి. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే పోయాడు. ఆయన చిత్రాల మీద కాపీరైటు గడువు ఎప్పుడో తీరిపోయింది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పాన్ని ఫొటో తీసి ప్రచురించడం 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ప్రకారం తప్పు కాదు. గణపతి స్థపతి చెక్కించిన హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి ఎవరైనా తీసి అమ్ముకోవచ్చు. కానీ ఆ వెసులుబాటు శిల్పాలకూ హస్తకళా వస్తువులకూ భవనాలకూ ఇచ్చారు గానీ గోడమీది చిత్రానికి ఇవ్వలేదు. బస్టాండులో విగ్రహం ఫొటో అమ్మవచ్చు, దాని వెనక గోడ మీద నిన్నమొన్న ఎవరో వేసిన బొమ్మను విడిగా తీసి అమ్మకూడదు. సినిమాలో మాత్రం ఆ గోడబొమ్మనూ చూపించవచ్చునంటుంది అదే సెక్షన్. ఫొటోకు ఒకరకం, సినిమాకు ఒకరకం ఎందుకో నాకు సబబుగా తోచదు.

ఇక కలంకారీ. వాకాడు మీదుగా వచ్చి మన పక్కనే సముద్రంలో కలిసే స్వర్ణముఖి, పైన శ్రీకాళహస్తిలో కలంకారీ గుడ్డలు ఉతికిన నది. కరక్కాయ రసంలో, గేదెపాలలో తడిపి ఆరబెట్టిన నూలు గుడ్డ మీద వెదురు కలంతో గీత గీస్తారు. తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే నల్లరంగు కసింకారం వస్తుంది. రంగు వేయడం, ఉతకడం, ఆరబెట్టడం, మళ్లీ రంగు వేయడం. అలా ఒక్కో వస్త్రం వారాలు తింటుంది. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది ఈ పనికే. అచ్చులతో ఒకే డిజైనును వందల గజాలు అద్దే పెడన పనికి వర్తించే లెక్క వేరు. రిజిస్టరు చేయని డిజైనును యాభైకి మించి ప్రతులు తీస్తే కాపీరైటు నిలవదని 15వ సెక్షన్ చెబుతుంది. శ్రీకాళహస్తి చేతిగీత ఒక్క మనిషి వేసిన ఒక్క చిత్రం. రాముడి కథ అందరిదీ, పాత అంచులూ లతలూ అందరివీ, కానీ ఆ గుడ్డ మీద రాముణ్ణి ఎక్కడ నిలబెట్టాలో, సముద్రాన్ని ఎన్ని గీతల్లో చూపాలో తేల్చుకున్నది ఆ చెయ్యి. ఆ మేరకు హక్కు అతనిది, జీవితకాలం, ఆ మీద అరవై ఏళ్లు. గుడ్డ కొన్నవాడు గుడ్డనే కొన్నాడు, కాపీరైటు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా జరగాలి. భౌగోళిక గుర్తింపు ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అది ‘శ్రీకాళహస్తి కలంకారీ’ అన్న పేరును కాస్తుంది, ఫొటోను కాయదు.

తోలుబొమ్మకూ ఇదే వర్తిస్తుంది. తాతముత్తాతల నాటి బొమ్మ అయితే గడువు తీరి ఉండవచ్చు. దళవాయి చలపతిరావు గారి వంటి నిమ్మలకుంట కళాకారులు ఈరోజు తోలు గీసి, రంధ్రాలు కొట్టి, రంగులద్దిన బొమ్మ వారిదే.

సాహిత్య పత్రికలం కనుక మన సంగతీ చూసుకోవాలి. వడ్డాది పాపయ్య 1992 డిసెంబరులో కన్నుమూశారు, ఆయన చిత్రాల మీద కాపీరైటు 2052 చివరిదాకా ఉంది. బాపు 2014లో పోయారు, ఆయనవి 2074 దాకా. పత్రికలో ఉద్యోగిగా వేసిన బొమ్మ అయినా, పత్రికల్లో ప్రచురించే హక్కు యజమానికి వెళుతుంది గానీ మిగతా హక్కులు చిత్రకారుడికే ఉంటాయని 17వ సెక్షన్ అంటోంది, వేరే ఒప్పందం లేనప్పుడు. మరి పెళ్లి పత్రికల మీద, క్యాలెండర్ల మీద, కవితా సంకలనాల అట్టల మీద ఆ బొమ్మలు అడగకుండా, సంతకం కత్తిరించి మరీ వాడుతున్నారు. సంతకం కత్తిరించడం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. హక్కులు అమ్ముకున్నా సరే, ‘ఇది నాది’ అని చెప్పుకునే హక్కు, తన పనిని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కళాకారుడికి పోవు. విజ్ఞాన్ భవన్ గోడ నుంచి తన కంచు కుడ్యశిల్పాన్ని పీకేశారని అమర్‌నాథ్ సెహగల్ పోరాడితే, 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ హక్కును నిలబెట్టి అయిదు లక్షల పరిహారం ఇప్పించింది.

ఫొటోగ్రాఫర్లను దొంగలనడం నా ఉద్దేశం కాదు. షట్టర్‌స్టాక్ 2020లో మార్చిన చెల్లింపుల ప్రకారం కొత్తవాడికి ఒక డౌన్‌లోడుకు దక్కేది కనీసం 10 సెంట్లు. అంత కొంచెంలో ఎవరికి ఎంత పంచుతాడు? ఇటు కంపెనీల అతి కూడా ఉంది. పారిస్‌లో పగలు తీసిన ఈఫిల్ టవర్ ఫొటోకు అడ్డు లేదు గానీ, రాత్రి దీపాలతో తీస్తే ఆ దీపాల అమరికకు కాపీరైటు ఉందంటారు. ముంబయి తాజ్ హోటల్ భవన రూపాన్నే 2017లో ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకున్నారు. లాయర్లున్న గోడలకు అంత కాపలా ఉన్నప్పుడు, లాయరు లేని చేతిని ఎవరో ఒకరు అడగాలి కదా.

వచ్చే సంచిక నుంచి మా పత్రిక ఈ పద్ధతి పాటిస్తుంది. కళాఖండం ఉన్న ఫొటో పంపేవారు కళాకారుడి పేరు, ఊరు, ఆయన లేదా ఆవిడ తెలుగులో రాసిచ్చిన అనుమతి జత చేయాలి. అందులో ఎక్కడ అచ్చవుతుంది, ఎన్నిసార్లు, ఎంత ఇస్తాం అన్నది ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. సమీక్షకు వాడిన బొమ్మకు చట్టం అనుమతి కోరదు, అయినా పేరు వేస్తాం. అట్టబొమ్మ పారితోషికాన్ని ఫొటోగ్రాఫరుకూ కళాకారుడికీ సగం సగం పంపుతాం, ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో అట్ట లోపలి పేజీలో ఉంటాయి. అనుమతి పత్రం నమూనాను ఈ సంచిక చివరి పేజీలో ఇచ్చాం, కత్తిరించి వాడుకోండి.